ఈ రిక్వెస్టు ఎవరిది?

పోయిన నెల్లో మా టీము నెత్తిన ఓ పాత అప్లికేషను వచ్చి పడింది. ఎప్పుడో ఏఎస్పీ డాట్ నెట్ 2.0 రోజుల్లో రాసింది. దాన్నిప్పుడు ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లోకి మార్చాలి. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ పని అప్పజెప్పాం. సాయంత్రానికల్లా మొహం వేలాడేసుకుని నా సీటు దగ్గరికొచ్చాడు.

"అన్నా, హెచ్‌టీటీపీకాంటెక్స్ట్ డాట్ కరెంట్ అని మూడొందల పైచిలుకు చోట్ల వాడేశారు. కొత్త దాంట్లో ఆ ప్రాపర్టీయే లేదు. అంత పనికొచ్చేదాన్ని ఎందుకు పీకేశారంటావ్?"

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను దీనికి సరిగ్గా ఉల్టా ప్రశ్న అడిగాను. పేజీ వెనకున్న కోడ్‌లో రిక్వెస్ట్ అని రాస్తే బుద్ధిగా పనిచేసేది. అదే లైన్ని తీసుకెళ్ళి, అన్ని పేజీలకీ పనికొస్తుంది కదా అని ఓ ఉమ్మడి క్లాసులో పెడితే, రిక్వెస్ట్ అనే పేరే నాకు తెలీదు పొమ్మనేది కంపైలరు. పక్క సీటు సీనియరు తల కూడా తిప్పకుండా "ముందు హెచ్‌టీటీపీకాంటెక్స్ట్ డాట్ కరెంట్ తగిలించు" అన్నాడు. తగిలించాను. పనిచేసింది. ఎందుకు పనిచేసిందో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. నా అమీర్‌పేట నోట్సులో కూడా దాని గురించి ఉన్నది ఒక్క లైనే.

ఇదేదో సింటాక్సు గొడవ అనుకుంటాం గానీ, కాదు. మీరు లాగిన్ అయితే వేరెవరి పేరో కనబడడం, మీ వివరాలు ముక్కూమొహం తెలీని మనిషి తెర మీద ప్రత్యక్షమవడం లాంటి ఘోరాలు కొన్నిటి వెనక ఉన్నది సరిగ్గా ఈ విషయమే. అందుకే కుర్రాడికి ఒక ముక్కలో చెబుదామనుకున్న సమాధానం ముప్ఫయ్యేళ్ళ చరిత్రయి కూర్చుంది. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు అసలు సమస్యేంటో చూద్దాం. సర్వరుకి ఓ రిక్వెస్టు వస్తుంది. ఎవరు పంపారు, ఏ అడ్రసు నుంచి, ఏ పేజీ కావాలి, కుకీల్లో ఏముంది, ఇవన్నీ అందులో ఉంటాయి. గుమ్మం దగ్గరుండే మొదటి ఫంక్షనుకి అది అందుతుంది. కానీ అవసరం పడేది అక్కడ కాదు. అది ఇంకోదాన్ని పిలిచి, అది మరోదాన్ని పిలిచి, పది మెట్లు దిగాక ఎక్కడో లాగ్ రాసే క్లాసుకి యూజరు పేరు కావాలి. పర్మిషన్లు చూసే క్లాసుకి కుకీ కావాలి. దీనికి దారులు రెండే. మొదటిది, పై నుంచి కింద దాకా చేతి నుంచి చేతికి అందించడం. రెండోది, అందరికీ అందే చోట వేలాడదీసి, కావాల్సినవాడు వచ్చి చూసుకునేట్టు చెయ్యడం.

మొదటిదానికి ఓపిక కావాలి, ప్రతి ఫంక్షనుకీ ఓ పారామీటరు పెరుగుతుంది. రెండోది హాయి. కాకపోతే "వేలాడదీసింది ఎవరి రిక్వెస్టు?" అన్న ప్రశ్నకి జవాబు ఎప్పుడూ ఖచ్చితంగా తెలిసుండాలి. తెలీకపోతే కొంప కొల్లేరే.

టిఫిన్ సెంటరు ఊహించుకోండి. వచ్చినవాడి ఆర్డరు ఓ చీటీ మీద రాస్తారు. ఆ చీటీ ఎక్కడుండాలి అన్నదే మన కథంతా.

మొదట్లో ఈ బాధ లేదు. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏలో సర్వరు రాసినవాళ్ళు సీజీఐ అనే పద్ధతి తెచ్చారు. రిక్వెస్టు వచ్చిందంటే సర్వరు కొత్తగా ఓ ప్రాసెస్‌ని పుట్టించేది. రిక్వెస్టు వివరాలన్నీ క్వెరీ స్ట్రింగ్, రిమోట్ అడ్రస్, రిక్వెస్ట్ మెథడ్ లాంటి పేర్లతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో పెట్టేది. పెర్ల్‌లో రాసుకోండి, సీలో రాసుకోండి, ప్రోగ్రాములో ఏ మూల నుంచైనా వాటిని చదువుకోవచ్చు. అంటే పక్కా గ్లోబల్ అన్నమాట. అయినా భయం లేదు, ఎందుకంటే ఆ ప్రాసెస్ ఆ ఒక్క రిక్వెస్టు కోసమే పుట్టి, పని కాగానే చచ్చిపోయేది. వచ్చిన ప్రతి మనిషికీ ఓ కొత్త వంటిల్లు కట్టి, ఓ వంటమనిషిని పెట్టి, తిని వెళ్ళగానే వంటిల్లు కూల్చేసినట్టు. చీటీ గోడకి అంటించినా పరవాలేదు, ఆ గోడ ఇంకెవరూ చూడరు.

ఖర్చు మాత్రం తడిసి మోపెడు. జనం పెరిగేకొద్దీ వంటిళ్ళు కట్టీ కూల్చీ సర్వర్లు రొప్పేవి. సీజీఐ పోయినా అది నేర్పిన అలవాటు మాత్రం పోలేదు. "రిక్వెస్టు అంటే ఎక్కణ్ణుంచైనా చదువుకునేది" అన్నదే ఆ అలవాటు.

ఆ అలవాటుని ఇంకో మెట్టు ఎక్కించింది పీహెచ్‌పీ. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ బయటపెట్టిన ఈ భాషలో తర్వాత రిజిస్టర్ గ్లోబల్స్ అనే సెట్టింగు ప్రసిద్ధికెక్కింది. లంకెలో వచ్చిన ప్రతి పేరూ దానంతటదే ప్రోగ్రాములో గ్లోబల్ వేరియబుల్ అయిపోయేది. కొత్తవాళ్ళకి పండగే. కానీ మీ కోడ్‌లో అడ్మిన్ అనే వేరియబుల్ ఉండి, దానికి ముందుగా విలువ ఇవ్వడం మర్చిపోయారనుకోండి, ఎవడో తుంటరి అడ్రసు చివర "అడ్మిన్=1" అని తగిలిస్తే వాడు అడ్మిన్ అయి కూర్చుంటాడు. 2001 డిసెంబరులో వచ్చిన 4.1లో రిక్వెస్టు విలువలకి గెట్, పోస్ట్ అంటూ వేరే పేర్లతో పెట్టెలు ఇచ్చారు. 2002లో 4.2 నుంచి ఆ సెట్టింగుని మామూలుగా ఆపేసి ఉంచడం మొదలెట్టారు. పూర్తిగా తీసెయ్యడానికి మాత్రం 2012లో 5.4 దాకా పట్టింది. పదేళ్ళు! సౌఖ్యానికి అలవాటు పడ్డ కోడ్‌ని కదిలించడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇటు జావావాళ్ళు 1997లో సర్వ్‌లెట్లతో వచ్చారు. వీళ్ళు మొదటి దారి పట్టారు. సర్వీస్ మెథడ్‌కి రిక్వెస్టుని పారామీటరుగా చేతికిచ్చారు. పద్ధతైన పనే. కానీ చిక్కు ఇంకోచోట వచ్చింది. సర్వ్‌లెట్ ఆబ్జెక్టు ఒక్కటే, దాన్ని ఒకేసారి బోలెడు థ్రెడ్లు వాడుకుంటాయి. పదిమంది వంటవాళ్ళకి ఒకటే వంటిల్లు. కొత్తవాడు "ప్రతి మెథడ్‌కీ రిక్వెస్టు ఏం పంపుతాంలే" అని యూజరు పేరుని క్లాసులో ఓ వేరియబుల్‌లో దాచుకునేవాడు. అంటే వంటిట్లో అందరికీ కలిపి ఒకే పలక. రామారావు ఆర్డరు రాసి అటు తిరిగేలోపు సుబ్బారావు ఆర్డరు దాని మీదే రాస్తారు. రామారావు ముందుకి సుబ్బారావు పెసరట్టు వస్తుంది.

దీనికి విరుగుడుగా సింగిల్ థ్రెడ్ మోడల్ అని ఓ ఇంటర్‌ఫేస్ తెచ్చారు. ఒక్కో సర్వ్‌లెట్ ఆబ్జెక్టులోకి ఒకసారి ఒక్క థ్రెడ్డే వస్తుందని హామీ. కానీ స్టాటిక్ వేరియబుల్స్‌నీ, సెషన్‌నీ అది కాపాడలేదు. లేని భరోసా మాత్రం ఇచ్చింది. 2003లో వచ్చిన సర్వ్‌లెట్ 2.4లో దాన్ని వాడొద్దని పక్కన పెట్టేశారు.

ఈలోగా 1998 చివర్లో జేడీకే 1.2తో పాటు థ్రెడ్‌లోకల్ అనే క్లాసు వచ్చింది. పేరు చూడ్డానికి గ్లోబలే, కానీ ఏ థ్రెడ్ అడిగితే ఆ థ్రెడ్ విలువే దొరుకుతుంది. మన భాషలో చెప్పాలంటే పలక తీసేసి, ప్రతి వంటవాడి చొక్కాకీ ఓ జేబు కుట్టించారు. రిక్వెస్టు మొదలవగానే చీటీ జేబులో పెడితే, వాడు ఏ మూల నిలబడి వంట చేస్తున్నా జేబులో చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. వెబ్‌వర్క్, స్ప్రింగ్ లాంటి ఫ్రేమ్‌వర్కులు దీన్ని బాగా వాడుకున్నాయి. షరతు ఒక్కటే, పని కాగానే జేబు ఖాళీ చెయ్యాలి. థ్రెడ్లు పూల్ నుంచి వస్తాయి కాబట్టి, ఖాళీ చెయ్యడం మరిస్తే అదే వంటవాడు పాత చీటీతోనే తర్వాతి మనిషి దగ్గరికి పోతాడు.

ఇక మైక్రోసాఫ్టు సంగతి. 1996 డిసెంబరులో ఐఐఎస్ 3తో ఏఎస్పీ వచ్చింది. పేజీలో రిక్వెస్ట్, రెస్పాన్స్, సెషన్ అన్నీ రెడీగా ఉండేవి. కానీ అసలు పనంతా వీబీలో రాసిన డీఎల్ఎల్‌లో ఉండేది, మరి దానికి రిక్వెస్టు ఎలా? మొదట్లో మీ క్లాసులో ఆన్‌స్టార్ట్‌పేజ్ అనే మెథడ్ పెట్టుకుంటే ఐఐఎస్సే వచ్చి కాంటెక్స్టుని చేతికిచ్చేది. తర్వాత ఐఐఎస్ 4, ఎంటీఎస్‌ల కాలంలో గెట్ఆబ్జెక్ట్‌కాంటెక్స్ట్ అని పిలిచి దాంట్లోంచి మనమే తీసుకోవడం మొదలైంది. గమనించారా, చేతికివ్వడం నుంచి తీసుకోవడానికి ఇక్కడ కూడా జరిగారు.

2002లో ఏఎస్పీ డాట్ నెట్ వచ్చినప్పుడు ఆ తీసుకోవడాన్నే ఒక్క స్టాటిక్ ప్రాపర్టీగా చేసి పెట్టారు. అదే మన కరెంట్. పేజీ క్లాసులో రిక్వెస్ట్ అని నేరుగా రాయగలిగేది ఎందుకంటే, అది పేజ్ అనే తల్లి క్లాసు నుంచి వారసత్వంగా వచ్చిన ప్రాపర్టీ. మనం రాసుకున్న ఉమ్మడి క్లాసుకి ఆ తల్లి లేదు, అందుకే కంపైలరు గుర్తుపట్టదు. కరెంట్ ఏం చేస్తుందంటే, ప్రస్తుతం ఈ కోడ్ నడుపుతున్న థ్రెడ్‌కి కట్టి ఉన్న కాల్‌కాంటెక్స్ట్‌లోకి చూసి, అక్కడున్న రిక్వెస్టుని ఇస్తుంది. జేబులో చెయ్యే ఇది కూడా. మా సీనియరు నాకు చెప్పనిది ఇదన్నమాట.

ఇక్కడ నా సొంత పాపం ఒకటి చెప్పుకోవాలి. 2006 ప్రాంతంలో ఓ క్లయింటుకి వీబీ డాట్ నెట్‌లో అప్లికేషను రాశాం. నాతో సహా టీములో సగంమంది అంతకుముందు వీబీ 6లో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసినవాళ్ళమే. డెస్క్‌టాప్‌లో మాడ్యూల్ అని ఒకటి పెట్టి, అందులో కరెంట్‌యూజర్ అని ఓ పబ్లిక్ వేరియబుల్ పెట్టుకుంటే ఏ ఫారం నుంచైనా వాడుకోవచ్చు. ఒక కంప్యూటరు, ఒక ప్రోగ్రాము, ఒక మనిషి. ఏ గొడవా లేదు. అదే అలవాటుగా వెబ్‌లోనూ పెట్టేశాను. వీబీ డాట్ నెట్‌లో మాడ్యూల్‌లో పెట్టినదంతా మనం చెప్పకపోయినా షేర్డే. షేర్డ్ అంటే నా పేజీలన్నిటి మధ్యా ఉమ్మడి అనుకున్నాను. లోకంలో ఉన్న యూజర్లందరి మధ్యా ఉమ్మడి అని తట్టలేదు.

టెస్టింగులో ఒక్క బగ్గూ రాలేదు. ఎందుకు వస్తుంది, టెస్టరు ఒక్కడే కదా! లైవ్‌కెళ్ళిన మొదటి సోమవారం, వాళ్ళ ఆఫీసులు తెరిచిన గంటకే ఫోను. ఒక బ్రాంచిలో ఉద్యోగి లాగిన్ అయితే వేరే బ్రాంచి కస్టమర్ల చిట్టా కనబడుతోందట. రీఫ్రెష్ కొడితే మళ్ళీ సరిగ్గానే వస్తోందట. మా దగ్గర ఎన్నిసార్లు నొక్కినా రాదు. చివరికి రాత్రి ఒంటిగంటప్పుడు ఇద్దరం రెండు మెషీన్ల ముందు కూర్చుని, "ఒకటీ రెండూ మూడూ" అనుకుని ఒకేసారి బటన్ నొక్కితే దొరికింది. నా యూజరు పేరు వాడి తెర మీద. ఆ క్షణంలో కడుపులో ఏదో జారినట్టయింది. ఆ రోజంతా ఎంతమంది వివరాలు ఎంతమంది చూశారో చెప్పగలిగే లాగ్ కూడా మా దగ్గర లేదు. లాగ్‌లో రాసిన పేరు కూడా ఆ వేరియబుల్‌లోదే మరి.

సవరణ మాత్రం మూడు లైన్లు. ఆ షేర్డ్ వేరియబుల్ తీసేసి, అదే పేరుతో షేర్డ్ ప్రాపర్టీ పెట్టాం. అది విలువని తన దగ్గర దాచుకోదు, అడిగిన ప్రతిసారీ కరెంట్‌లోంచి ఆ యూజరు సెషన్లోకి వెళ్ళి తెచ్చిస్తుంది. మిగతా కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. వాడేవాడికి రెండూ ఒకేలా కనబడతాయి, కానీ ఒకటి పలక, ఇంకోటి జేబు. షేర్డ్ మెథడ్ తప్పు కాదు, షేర్డ్ ప్రాపర్టీ తప్పు కాదు. రిక్వెస్టుకి చెందిన విలువని షేర్డ్ వేరియబుల్‌లో దాచడమే తప్పు. ఇవాళ కొత్తవాళ్ళ కోడ్ చూసేటప్పుడు నేను మొదట వెతికేది అదే.

కాబట్టి కరెంట్‌ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆ రాత్రి నన్ను కాపాడింది అదే. కానీ దానికీ ఓ లెక్క ఉంది. ఒక రిక్వెస్టు పని చేస్తున్నప్పుడే, ఆ రిక్వెస్టు థ్రెడ్ మీదే పిలవాలి. ఆ లెక్క తప్పే సందర్భాలు ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చాయి.

రిపోర్టు తయారవడానికి టైం పడుతోందని వేరే థ్రెడ్‌కి ఇస్తే, అక్కడ కరెంట్ నథింగ్. "ఆబ్జెక్ట్ రిఫరెన్స్ నాట్ సెట్" అనే మన చిరకాల మిత్రుడు ప్రత్యక్షం. డబ్ల్యూసీఎఫ్ సర్వీసులో, కంపాటిబిలిటీ మోడ్ ఆన్ చేస్తే తప్ప, నథింగ్. యూనిట్ టెస్టులో నథింగ్. ఐఐఎస్ 7 ఇంటిగ్రేటెడ్ మోడ్‌కి మారితే, అప్పటిదాకా అప్లికేషన్ స్టార్ట్‌లో పనిచేసిన రిక్వెస్టు "ఇక్కడ దొరకదు" అని ఎక్సెప్షన్ ఇచ్చింది. నిజానికి అది న్యాయమే. అప్లికేషను మొదలవడం ఎవరి రిక్వెస్టూ కాదు కదా.

2012లో అసింక్ అవైట్ వచ్చాక కథ ఇంకా ముదిరింది. డేటాబేస్ జవాబు కోసం ఆగేటప్పుడు థ్రెడ్‌ని వదిలేస్తారు, జవాబు వచ్చాక వేరే థ్రెడ్ మిగతా పని అందుకుంటుంది. వంట మధ్యలో వంటవాడు మారిపోతాడు, చీటీ మాత్రం మొదటివాడి జేబులో ఉండిపోయే ప్రమాదం. ఏఎస్పీ డాట్ నెట్ తన సింక్రొనైజేషన్ కాంటెక్స్టుతో చీటీని ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టేది. కాన్ఫిగర్‌అవైట్ ఫాల్స్ అని రాస్తే ఆ సేవ ఉండదు, మళ్ళీ నథింగ్. అది రాయకుండా, ఆ అసింక్ పనిని పైనుంచి డాట్ రిజల్ట్ అని పిలిస్తే ఏకంగా డెడ్‌లాక్. రోట్లో తల పెట్టి రోకటిపోటుకి భయపడ్డట్టయింది మా పరిస్థితి.

అయితే ఒక్క మాట. నథింగ్ రావడం అదృష్టం. ప్రోగ్రాము గట్టిగా అరిచి చస్తుంది, మనం సరిచేస్తాం. అరవకుండా ఇంకొకరి చీటీ చూపిస్తేనే అసలు ప్రమాదం. ఇది ఎప్పటి ముచ్చటో, కుర్రతనంలో మేం చేసిన వెధవపనో అనుకోకండి. 2021 మార్చి 2న గిట్‌హబ్‌కి ఓ యూజరు నుంచి ఫిర్యాదు వచ్చింది. తన అకౌంటుతో పని చేసుకుంటుంటే ఉన్నట్టుండి ఇంకొకరి అకౌంటులోకి వెళ్ళిపోయానని. వాళ్ళు తవ్వి తీస్తే తేలిందేంటంటే, వాళ్ళ రూబీ కోడ్ యూనికార్న్ అనే సర్వరు మీద నడుస్తోంది, అది రిక్వెస్టు వివరాల కోసం ఒకే హ్యాష్ ఆబ్జెక్టుని ఖాళీ చేసి మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. ఒక ప్రాసెస్‌లో ఒకసారికి ఒక్క రిక్వెస్టే కాబట్టి అందులో తప్పు లేదు. కానీ వేగం పెంచడం కోసం కొంత పనిని వెనక థ్రెడ్‌లోకి మార్చారు. ఆ థ్రెడ్ పాత రిక్వెస్టు అనుకుని పట్టుకున్న ఆబ్జెక్టులోకి ఈలోగా కొత్త రిక్వెస్టు వచ్చేసింది. అలా చాలా అరుదుగా, ఒకరి సెషను ఇంకొకరికి వెళ్ళింది. మొత్తం సెషన్లలో 0.001 శాతం కూడా ఉండవని వాళ్ళే చెప్పారు. అయినా మార్చి 8న యూజర్లందర్నీ లాగౌట్ చేయించారు. జరిగిందంతా దాచకుండా రాసి పెట్టారు కూడా. నాకు అందులో నచ్చింది అది.

చూడండి, అక్కడ ఎవరి కోడూ విడిగా తప్పు కాదు. "ఒకసారికి ఒక్క రిక్వెస్టే" అని సర్వరు నమ్మింది. ఆ నమ్మకం ఎక్కడా రాసి లేదు. పైన రాసినవాళ్ళకి అది తెలీకుండానే చెదిరిపోయింది. సీజీఐలో "ప్రాసెస్‌కి ఒక రిక్వెస్టు" అనే నమ్మకం, థ్రెడ్‌లోకల్‌లో "థ్రెడ్‌కి ఒక రిక్వెస్టు" అనే నమ్మకం. ప్రతిసారీ కింద నేల కదిలింది, పైన ఇల్లు బీటలిచ్చింది. ఈ చరిత్రంతటికీ సారాంశం ఇంతేననిపిస్తుంది నాకు.

అందుకే తర్వాత వచ్చినవాళ్ళు జాగ్రత్తపడ్డారు. పైథాన్‌లో 2005లో వచ్చిన జాంగో రిక్వెస్టుని వ్యూకి పారామీటరుగానే ఇచ్చింది. 2010లో వచ్చిన ఫ్లాస్క్ మాత్రం జేబు పద్ధతే తీసుకుంది, కాకపోతే రిక్వెస్టు లేని చోట పిలిస్తే స్పష్టంగా ఆ మాటే చెప్పి ఆగిపోతుంది. నోడ్‌లో అన్ని రిక్వెస్టులకీ ఒకే థ్రెడ్ కాబట్టి అక్కడ థ్రెడ్‌కి జేబు కుడితే అది పలకే అవుతుంది. 2020లో ఆసింక్‌లోకల్‌స్టోరేజ్ వచ్చేదాకా వాళ్ళు పడ్డ పాట్లు వాళ్ళవి. గో భాషవాళ్ళు అసలు జేబే కుట్టలేదు. 2016లో 1.7తో కాంటెక్స్ట్ ప్యాకేజీని భాషతో పాటే ఇచ్చి, ప్రతి ఫంక్షనుకీ మొదటి పారామీటరుగా అందించుకోండి అన్నారు. విసుగే, కానీ చీటీ పళ్ళెంతో పాటే వెళ్తుంది. జావావాళ్ళు కూడా 2025లో జావా 25తో స్కోప్డ్ వాల్యూస్‌ని ఖాయం చేశారు. పని ముగియగానే విలువ దానంతటదే పోతుంది, మధ్యలో ఎవరూ మార్చలేరు.

2016లో ఏఎస్పీ డాట్ నెట్ కోర్ వచ్చినప్పుడు కరెంట్‌ని తీసెయ్యడం ఈ వరసలోదే. కంట్రోలరుకి రిక్వెస్టు చేతికొస్తుంది. లోపలి క్లాసుకి తప్పనిసరిగా కావాలంటే ఐహెచ్‌టీటీపీకాంటెక్స్ట్ యాక్సెసర్‌ని మనమే నమోదు చేసి, కన్‌స్ట్రక్టరులో అడిగి తీసుకోవాలి. లోపల అదీ ఆసింక్‌లోకల్ అనే జేబే. తేడా ఏంటంటే, ఈ క్లాసు జేబులో చెయ్యి పెడుతోందని కన్‌స్ట్రక్టరు చూస్తేనే తెలుస్తుంది, దొంగచాటుగా కాదు. రిక్వెస్టు అయిపోయాక ఆ ఆబ్జెక్టుని పట్టుకుని కూర్చోవద్దని డాక్యుమెంటేషన్లో హెచ్చరిక కూడా ఉంది. తమాషా ఏంటంటే, పాత కోడ్ మార్చలేక జనం గోల పెడితే, అడాప్టర్ల పేరుతో మైక్రోసాఫ్టే కరెంట్‌ని మళ్ళీ దొడ్డిదారిన తెచ్చిచ్చింది. అలవాటు అంత గట్టిది.

కుర్రాడు ఇదంతా విని "అయితే ఆ అడాప్టరు పెట్టేస్తే మూడొందలూ ఒక్క దెబ్బకి అయిపోతాయిగా అన్నా" అన్నాడు. తెలివైనవాడే! అవుతాయి, వెనక థ్రెడ్‌లో మెయిళ్ళు పంపే క్లాసుతో సహా అవుతాయి. ఆ క్లాసుని తెరిచి చూపించాను. దానికి కావాల్సింది రిక్వెస్టు కాదు, పంపినవాడి పేరు, భాష, అంతే. రెండు స్ట్రింగులు. వాటిని గుమ్మం దగ్గరే రిక్వెస్టులోంచి తీసి చేతికిచ్చేస్తే ఆ క్లాసు ఏ థ్రెడ్‌లో నడిచినా, టెస్టులో నడిచినా, రేపు ఇంకేదో కొత్త పద్ధతి వచ్చి నేల మళ్ళీ కదిలినా దానికి పట్టదు. ఒకరి పేరు ఇంకొకరికి అంటదు. ప్రతి లైనులోనూ పడాల్సిన ట్రేస్ నంబరు లాంటివాటికి జేబు పద్ధతి వాడుకోండి, నేనూ వాడతాను. అది పొరబాటైతే లాగ్ పాడవుతుంది. మనిషి ఎవరన్నది పొరబాటైతే పాడయ్యేది నమ్మకం.

ఇద్దరం కూర్చుని లెక్కేస్తే ఆ మూడొందల చిల్లరలో చాలావాటికి కావాల్సింది యూజరు పేరొక్కటే. వాటిని మార్చడం అయిపోయింది. ఇంకో నలభై మిగిలాయి. వాటిలో ఒకచోట, కరెంట్‌లోంచి తీసిన విలువని ఓ షేర్డ్ వేరియబుల్‌లో దాచి పెట్టారు. అది కుర్రాడే పట్టుకున్నాడు, నేను చెప్పకుండానే.